మా అత్త మూడో పాట

పది రోజుల కింద కోట్‌పల్లి దగ్గరి మా ఊరికి పోయి వచ్చినప్పటి నుంచి నేను మనిషిని కాలేకపోతున్నాను. బడిలో పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోతున్నాను, పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. స్టవ్ మీద పాలు రెండుసార్లు పొంగిపోయాయి. యాభై దాటినదాన్ని, నాలుగు పుస్తకాలు అచ్చేయించినదాన్ని, వికారాబాద్ నుంచి తాండూరు దాకా పల్లెపాటల మీద ఎక్కడ సభ జరిగినా వేదిక మీద కుర్చీ వేయించుకునేదాన్ని. అటువంటి నాకు, నా ఇంట్లోనే, నా పక్క మంచం మీద పడుకునే మనిషి సంగతి ఏమీ తెలియదని తేలిపోయింది. తెలియకపోవడం ఒక ఎత్తు. తెలిసినట్టు ఇన్నేళ్లూ ఊరూరా చెప్పుకు తిరగడం ఇంకో ఎత్తు.

మా మేనత్త బీరమ్మ పేరు మా జిల్లాలో తెలియనివాళ్లు తక్కువ. పేరు తెలియకపోయినా ఆమె పాటలు మూడు తెలియనివాళ్లు లేరు. మొదటిది మందను గుట్ట ఎక్కించేటప్పుడు పాడేది, రెండోది బావామరదళ్ల ఎకసెక్కాలది, మూడోది పెండ్లికూతురిని అత్తింటివాళ్ల చేతిలో పెట్టే అప్పగింతల పాట. గొర్లకాపరుల ఇళ్లల్లో పుట్టిన ఈ మూడూ తాండూరులో క్యాసెట్ ఎక్కాయి. అక్కడి నుంచి మా కులం దాటి పరిగి వైపు పటేళ్ల పెండ్లిళ్లకు చేరాయి, హైదరాబాద్ ఆర్కెస్ట్రాలవాళ్ల నోట పడ్డాయి, చివరికి ఎవరో సినిమావాళ్లు వరస ఉంచుకుని మాటలు మార్చి వాడుకున్నారు. ఇప్పుడు డీజే బండ్ల మీద మోగుతున్నాయి. మూడింటిలో ఎక్కువ దూరం పోయింది మూడోదే. "ఇంటి గొర్రెపిల్లను ఇస్తున్నమమ్మా, మీ మంద వెంబడి నడిపించుకొమ్మా" అని మొదలవుతుంది. గొర్ల వాసనకు ముక్కు మూసుకునే ఇళ్లవాళ్లు కూడా తమ ఆడపిల్లను గొర్రెపిల్ల అనిపించుకుని కొంగుతో కళ్లు ఒత్తుకోవడం నేను కళ్లారా చూశాను.

ఎనభై ఏళ్లు వచ్చిన మా అత్తకు ఈ ఆదివారం వికారాబాద్‌లో సన్మానం పెట్టారు. ఆమె గొంతు గురించి మాట్లాడాల్సింది నేను. నాలుగు కొత్త ముచ్చట్లు దొరుకుతాయేమోనని ఊరికి పోయాను. దొరికిన ముచ్చట ఒక్కటే. అది చెప్పేముందు మా ఇల్లు ఎట్లా ఉండేదో చెప్పాలి, లేకపోతే నా తెలివితక్కువతనం ఎంతటిదో మీకు అర్థం కాదు.

మా ఇంటికి రెండు వాసనలు ఉండేవి. పొద్దున బొచ్చు వాసన, మధ్యాహ్నం చింతగింజల గంజి వాసన. ఏడాదికి రెండుసార్లు గొర్ల బొచ్చు కత్తిరించేవాళ్లు. దాన్ని ఏకి, రాట్నం మీద వడికితే దారం, ఆ దారాన్ని మా తాత మగ్గం మీద నేస్తే గొంగడి. నేసిన గొంగడికి చింతగింజలు నానబోసి, నూరి, ఉడకబెట్టిన గంజి పూసి ఎండబెడితే వాన కురిసినా లోపలికి చుక్క దిగేది కాదు. తాత నేస్తున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడడు. గొంగడి కోసేటప్పుడు మాత్రం దాన్ని మొహానికి ఆనించుకుని గట్టిగా వాసన పీల్చి, "ఊఁ" అనేవాడు. అది బాగుందనా బాగా లేదనా అన్నది ఎవరికీ తెలియదు, అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు. నేను పట్నంలో కొన్న మెత్తటి రగ్గులు ఎన్నో కప్పుకున్నాను గానీ, ఒంటికి గుచ్చుకునే ఆ గొంగడి కింద పట్టినంత నిద్ర మళ్లీ పట్టలేదు.

ఆ ఇంట్లో పని ఇట్లా పంచుకున్నారు. అత్తకు ఇల్లరికం పెండ్లి చేశారు కాబట్టి ఆమె పుట్టింట్లోనే ఉండిపోయింది. ఇంటిపట్టున కూర్చునే మనిషి కాదు. తెల్లవారగానే మామతో సమానంగా కట్టె భుజాన వేసుకుని మంద వెంట పోయేది. ఈ గుట్ట మీద నుంచి కేక వేస్తే ఆ గుట్ట మీది గొర్రె తల తిప్పేది. ఇంట్లో రాట్నం ముందు కూర్చునేది మా అమ్మ నర్సమ్మ. మా నాయన నాకు నాలుగేళ్లప్పుడు పోయాడు, అప్పటికి అమ్మకు పాతికేళ్లు కూడా లేవు. ఆ తర్వాత ఆమె లోకం ఆ రాట్నం, ఆ గోడ మూల. కుడిచేత్తో రాట్నం తిప్పుతూ ఎడమచేత్తో దారం లాగేది. దారం సాగుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టి, కదురుకు చుట్టేటప్పుడు వదిలేది. ఆ వదిలే ఊపిరి చప్పుడు నా చిన్నతనం అంతా నా చెవుల్లో ఉంది.

మా ఇళ్లల్లో ఒక కట్టు ఉండేది. మొగుడు పోయిన ఆడమనిషి పెండ్లి ఇంట్లో పసుపు దంచొచ్చు, పిండి విసరొచ్చు, వందమందికి వండొచ్చు. పెండ్లిపాట మాత్రం ఎత్తకూడదు. ఆమె గొంతు పెండ్లికూతురి చెవిన పడితే ఆ పిల్ల బతుకూ అట్లాగే అవుతుందని నమ్మకం. ఎవరూ తిట్టి చెప్పరు, కొట్టి చెప్పరు. నలుగు పెట్టడానికి ఆడవాళ్లు చేరగానే అమ్మ తనంతట తనే లేచి వెనక అర్రలోకి పోయేది. నేనూ అది వానాకాలం వాన పడినంత మామూలుగా చూశాను. అమ్మ పాడగా నేను ఎన్నడూ వినలేదు కాబట్టి అమ్మకు పాట రాదని నా మటుకు నేను తీర్మానించేసుకున్నాను. అత్త పాడుతుంది, అమ్మ వడుకుతుంది, అంతే.

ఇక తాండూరు సంగతి. నాకు తొమ్మిదేళ్లు ఉన్నప్పుడు అక్కడి క్యాసెట్ల షాపాయన ఒకడు జాతరలో అత్త పాట విని, పాటలు నింపుతా రమ్మని కబురు పెట్టాడు. షాపు వెనక చిన్న గది ఉంది గానీ, చుట్టూ బండలు పాలిష్ చేసే మిషన్లు. పొద్దంతా వాటి రొద. మధ్యాహ్నం అన్నం గంట కొట్టినప్పుడే అవి ఆగేవి. ఆ కాసేపట్లోనే పాడాలి. లోపలికి చప్పుడు రాకుండా గోడలకు కట్టడానికి మందపాటి గొంగళ్లు తెచ్చుకోమన్నాడు. అందుకని అత్త, అమ్మ, నేను పన్నెండు గొంగళ్లు మూటలు కట్టుకుని వికారాబాద్ స్టేషన్‌లో ప్యాసింజర్ బండి ఎక్కాం. అమ్మ వచ్చింది మూటలు మోయడానికి. పెట్టెలో మా చుట్టూ ఎవరూ కూర్చోలేదు, అంత వాసన. అత్త నవ్వి, "మస్తు జాగ దొరికింది, కాళ్లు సాపుకో బిడ్డ" అంది.

గది నిండా గొంగళ్లు వేలాడదీశారు, తలుపుకు కూడా రెండు. అత్త మొదటి పాట, రెండో పాట పాడటం నేను లోపల కూర్చునే విన్నాను. మూడోది అత్త ఎత్తుకోవడం, షాపాయన ఆపడం మూడుసార్లు అయింది. అత్త ఏదో చెవిలో చెప్పాక షాపాయన, "పాపా, నువ్వు బయట నిలవడు. మిషిన్లు సురువైతే తలుపు కొట్టు" అన్నాడు. నన్ను పెద్దదాన్ని చేసి పని అప్పగించారని పొంగిపోయాను. తలుపు బయట నిలబడి మిషన్ల వైపే కళ్లార్పకుండా చూశాను. ఆ గొంగళ్ల లోపలి నుంచి ఒక్క ముక్క బయటికి వినపడలేదు. కానీ తర్వాతి కాలంలో ఎన్ని వేదికల మీద చెప్పానో లెక్కలేదు, "ఆ పాట పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను" అని. తలుపు బయట ఉన్నాననే ముక్క ఎప్పుడు రాలిపోయిందో నాకే తెలియదు.

ఆ మూడో పాటలో ఒక విశేషం ఉంది. అందరూ పాదం చివర ఆగుతారు. ఈ పాటలో పాదం మధ్యలో, మాట పూర్తి కాకముందే ఒక ఆపు వస్తుంది. ఆ ఆపు దగ్గరే వినేవాళ్ల గుండె జారుతుంది. సినిమాలో పాడినావిడ కూడా దాన్ని అట్లాగే పట్టుకుంది. ఇప్పటి డీజే కుర్రాళ్లు సరిగ్గా ఆ ఆపులోనే ఢామ్మని దెబ్బ వేస్తారు, జనం ఎగురుతారు. దాని మీద నేను పెద్ద వ్యాసం రాశాను. అత్త కూడా చిన్నప్పుడు రాట్నం తిప్పే ఉంటుందని నేనే అనుకుని, అది రాట్నం వడికేవాళ్ల ఊపిరి అనీ, దారం సాగేటప్పుడు బిగబట్టిన గుక్క పాటలోకి వచ్చిందనీ, బీరమ్మ పనిలో నుంచే ఆమె పాట పుట్టిందనీ, మూడో చరణంలో గొంతు జారడం పెండ్లికూతురి కోసం వచ్చిన దుఃఖమనీ వివరించాను. చాలామంది మెచ్చుకున్నారు. అచ్చయిన రోజు అమ్మకు చదివి వినిపించాను. అమ్మ చేటలో కందిపప్పు ఏరుతూ చివరిదాకా విని, "మంచిగ రాసినవు బిడ్డ" అని, చేట పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఈసారి ఊళ్లో అత్త గడప మీద కూర్చుని ఉంది. కళ్లు మసకబారాయి గానీ నాలుక పదును తగ్గలేదు. చాయ్ తాగుతూ అడిగాను, "అత్తా, నీకు రాట్నం ఎవరు నేర్పిండ్రు? సభల చెప్పాలె."

"నేను రాట్నం ముందట ఎన్నడు కూసున్న బిడ్డ?" అంది అత్త. "కట్టె పట్టుకొని గుట్టలు తిరిగినదాన్ని. కదురు ముట్టుకుంటె దారం పుటుక్కున తెగేది. మా నాయిన తిట్టేటోడు."

"మరి మూడో పాటల ఆ ఆపుడు? నీకు ఎట్ల వచ్చింది?"

అత్త నా మొహంలోకి చూసింది. "నువ్వు సదువుకున్నదానివి. నువ్వే చెప్పు. ఆ ఇంట్ల రాట్నం ముందట కూసున్నది ఎవలు?"

నా చేతిలో గ్లాసు ఒరిగి చాయ్ చీర మీద ఒలికింది. కాలింది కూడా. కాలిన సంగతి ఇంటికి వచ్చాక తెలిసింది.

"ఆదివారం శాలువ కప్పుతరట. మూడు పాటలకు. రెండే నావి," అంది అత్త. "నాది మంద మీద ఒర్రే గొంతు. ఆ బుడ్డ గదిల, ఆ గొంగళ్ల నడుమ అప్పగింతలు ఎత్తుకుంటె ఒర్రినట్టె వచ్చింది. షాపాయిన మూడుసార్లు ఆపిండు. మిషిన్లు మల్ల సురువైతే ఇంక ఆ దినం పాయె. మీ అమ్మ జారిపోతున్న గొంగడిని గోడకు ఒత్తి పట్టుకొని నిలవడ్డది. నర్సీ, నువ్వు ఎత్తుకో అన్న. పెండ్లిపాట నేనెట్ల ఎత్తుకోవాలె వదినె అని గజగజ ఒణికింది. క్యాసెట్ల మొఖం కనవడదు, ఎవ్వరికెరుక అన్న. నిన్ను బయటికి తోలింది గందుకే. పిల్ల నోట్ల నువ్వుగింజ నానదు గద."

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే అత్తా?"

"మీ అమ్మ నాతోని ఒట్టు పెట్టించుకున్నది. నాకు గూడ పేరు వస్తుండె, మంచిగనె అనిపించె. అబద్ధమెందుకు." అత్త చాయ్ గ్లాసు కింద పెట్టి అంది. "మీ మామ పోయినంక పెండ్లిళ్లకు నేను గూడ నోరు మూసుకున్న. గప్పుడు సమజైంది, మీ అమ్మ ఆ మూలకు ఎట్ల కూసున్నదో."

బస్సెక్కాను. అనంతగిరి మలుపుల దగ్గర ఎవరి ఫోన్లోనో సినిమా పాట మోగుతూనే ఉంది గానీ నాకేమీ వినపడటం లేదు. కన్నతల్లి గొంతు గుర్తుపట్టలేదు నేను. ఆ ఊపిరి చప్పుడు పక్కనే పెరిగి, దాని మీద వ్యాసం రాసి, దాన్ని ఇంకొకరికి అంటగట్టి, తీసుకొచ్చి ఆమెకే చదివి వినిపించాను. ఇంతకన్నా ఎడ్డితనం ఇంకేం ఉంటుంది?

అయితే అసలు దెబ్బ బస్సు వికారాబాద్ చేరుతుండగా తగిలింది. నా పెండ్లి గుర్తొచ్చింది. ఆ రోజు మైకుసెట్టు మీద మూడో పాట వేయొద్దని అమ్మ వెనక అర్రలో నుంచి కబురు మీద కబురు పంపింది. కారణం చెప్పదు. వద్దంటే వద్దు. పసుపుబట్టలతో ఉన్నదాన్ని, విసవిసా ఆ అర్రలోకి పోయి అన్నాను, "అత్త పేరు వింటె నీకు కండ్లమంట. ఊరందరి పెండ్లికి పెడతరు, నా పెండ్లికి వద్దా?" నేను పంతం పట్టి రెండుసార్లు వేయించుకున్నాను. తొమ్మిదేళ్లకు నా భర్త పోయాడు. కామెర్లు. పసరు మందు అంటూ తిరిగి తిరిగి ఆలస్యం చేశాం, పెద్దాసుపత్రికి చేరేసరికి లివర్ పనికిరాకుండా పోయింది. ఇదంతా నాకు తెలుసు. డాక్టర్ చెప్పింది విన్నదీ, కాగితాలు చూసిందీ నేనే. అయినా బస్సులో కూర్చుని, ఆ పాట నా పెండ్లికి పాడింది ఎవరో తెలిసిన కాసేపటికే నా మనసు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. నేను పెట్టమనలేదు, అదే పెట్టింది. నన్ను చూసి నేను అదిరిపడ్డాను.

అప్పటికీ ఇప్పటికీ ఎంతో మారిందని నేను సభల్లో చెబుతుంటాను. మారిందేమిటో ఇప్పుడు చూసుకుంటే భయమేస్తుంది. మగ్గం పోయింది, మంద పోయింది, తాండూరులో ఆ షాపూ లేదు. బారాత్‌లో ముసలమ్మలు కూడా డీజే ముందు అడుగులు వేస్తున్నారు. కానీ నలుగు పళ్లెం బయటికి రాగానే అమ్మ లేచి వంటింట్లోకి పోతుంది. అమ్మ దాకా ఎందుకు, నేను? ఆయన పోయినప్పటి నుంచి ఏ పెండ్లిలోనైనా ఆ సమయానికి నాకేదో ఫోన్ వస్తుంది. వెనక వరసలో స్తంభం పక్కన నిలబడతాను. నన్ను ఎవరూ పొమ్మనలేదు. పుస్తకాలు రాసినదాన్ని, నేనే పోయాను.

ఊరి నుంచి వచ్చాక తొమ్మిది రోజులు ఆ మాట ఎత్తే ధైర్యం రాలేదు. నిన్న మధ్యాహ్నం అమ్మ బాల్కనీలో చింతపండు గింజలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని చెప్పాను, అత్త అంతా చెప్పిందని.

అమ్మ చేతులు ఆగాయి. "సచ్చేముందు చెప్తదనుకున్న. గింత జల్ది చెప్తదనుకోలే" అంది.

"నాకెందుకు చెప్పలే అమ్మా?"

"ఏం చెప్పాలె. నీ పెండ్లికి వద్దన్న గద. నువ్వు వింటివా." నా వైపు చూడకుండానే అంది, "అల్లుడు పోయిననాడు నేనే సంపిన అనుకున్న."

ఇరవై ఏళ్ల నుంచి నా ఇంట్లో నాకు వండిపెడుతూ, బడికి డబ్బా కట్టి ఇస్తూ, ఈమె ఈ మాట లోపల పెట్టుకుని తిరిగింది. తేరుకుని చెప్పడం మొదలుపెట్టాను. కామెర్లు, ఆలస్యం, డాక్టర్ మాటలు. ఆ పాట విని అత్తింటికి పోయిన ఆడపిల్లలు మనవలనెత్తి సుఖంగా ఉన్నారని కూడా చెప్పాను. పిల్లలకు చెప్పినట్టు చెప్పాను.

అమ్మ అంతా విని, "గవన్ని నాకెరుకనే" అంది. "ఎరుకున్నా గట్లనే అన్పిస్తది. నువ్వు సదువుకున్నవు. అత్త చెప్పినంక నీకు అన్పియ్యలేదా? నిజం చెప్పు."

లేదని చెబితే సరిపోయేది. ఆ అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. అమ్మ కళ్లు చూసి చెప్పలేకపోయాను.

"అన్పించిందమ్మా. బస్సుల. ఒక్క గడియ."

నన్ను తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. అమ్మ తల ఊపింది. "నీకొక్క గడియ. నాకు ఇరవై ఏండ్లు" అంది. అని, గుండెల్లో నుంచి పెద్ద ఊపిరి వదిలి, నా చేయి దగ్గరికి లాక్కుని తన ఒళ్లో పెట్టుకుంది. చింతపండు అంటిన వేళ్లు. ఆ మాట పంచుకునే మనిషి ఇన్నాళ్లకు దొరికిందన్నట్టు కూర్చుంది. నాకే ఏడుపు ఆగలేదు.

కళ్లు తుడుచుకుని అడిగాను, "ఆదివారం సభల చెప్పమంటవా? వద్దంటే చెప్ప."

అమ్మ ఫోన్లో పాట పెట్టమంది. పాత క్యాసెట్‌లోదే, డీజేది కాదు. తల వంచుకుని విన్నది. మూడో చరణం దగ్గరికి రాగానే నా చేతి మీద వేలితో కొట్టి ఆపించింది.

"గిదో, గీడ. గొంతు జారింది, విన్నవా? నలపై ఏండ్ల సంది మైకుల్ల ఇంటున్న, ఎవ్వరితోని చెప్పుకోవాలె? గీ జారుడునే నువ్వు దుఃఖం అని రాసినవు. పెండ్లికూతురి కోసం ఏడ్సిందని రాసినవు. నేనేడ్వలే బిడ్డ. ఆ గొంగళ్లల్ల గాలాడక గుక్క సాల్లే." చింతపండు గిన్నె మళ్లీ ముందుకు లాక్కుంటూ అంది, "సభల చెప్తే గది గూడ చెప్పు. ఆ తప్పు మా వదినెది గాదు. నాది."